వైఫై రాలేదని ల్యాప్‌టాప్ మూలన పడేయకండి

హాస్టళ్ళలో పాత ల్యాప్‌టాప్‌లకు లినక్స్ వేస్తున్నాం, మంచిదే. వైఫై రాకపోతే మాత్రం పనికిరాదని మూలన పెట్టేస్తున్నాం. ఇది సరికాదు. చాలాసార్లు చిప్ బాగానే ఉంటది, దాని ఫర్మ్‌వేర్ ఫైలే ఉండదు. ఆ ఫైల్ దించాలంటే మళ్ళీ నెట్ కావాలి. అక్కడే ఆగిపోతున్నాం.

దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తది. ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌తో చిప్ పేరు చూసి, దాని ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి. డెబియన్ అయితే 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి చాలా ఫర్మ్‌వేర్లు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి.

స్కాలర్‌షిప్ ఫారం కోసం ప్రతిసారీ నెట్ సెంటర్‌లో డబ్బులు పోయడం ఎందుకు? హాస్టల్‌కు ఇద్దరైనా ఈ పని నేర్చుకోవాలి, జూనియర్లకు నేర్పాలి.