చెవి దగ్గరి ప్రతి గడ్డా చీముగడ్డ కాదు

పిల్లల చెవి ముందు చిన్న గడ్డ కనిపించగానే ఇన్‌ఫెక్షన్ అని తేల్చి, యాంటీబయాటిక్ సీసా చేతిలో పెట్టి పంపడం మన వైద్యంలో పాతుకుపోయిన దురలవాటు. 5 రోజుల్లో తగ్గకపోతే మరో మందు, అదీ పనిచేయకపోతే అంతకంటె ఖరీదైనది. రోగం పేరు మాత్రం మారదు. గడ్డ మందుకు లొంగనప్పుడు ముందుగా సందేహించవలసినది నిర్ధారణను.

ఇలా పొరబడే వాటిలో పైలోమేట్రిక్సోమా ఒకటి. వెంట్రుకల కుదుళ్లలోని కణాల నుండి పుట్టే నిరపాయకరమైన కణితి ఇది. అరుదైనదే గాని కొత్తది కాదు. 1880లోనే ఫ్రాన్స్ వైద్యులు మాలెర్బ్, షెనాంతే దీనిని వర్ణించారు. ఎక్కువగా 20 ఏళ్లలోపు వారిలో, తల, మెడ, చేతులపై వస్తుంది. లోపల సున్నం పేరుకోవడం వలన రాయిలా గట్టిగా తగులుతుంది. పైచర్మం ఒక్కోసారి నీలంగానో ఎర్రగానో మారుతుంది. ఆ ఎరుపును చూసే చాలామంది చీముగడ్డ అని భ్రమపడతారు.

చీముగడ్డ కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది; వేడిగా ఉంటుంది; ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తుంది. ఈ కణితి నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. చర్మానికి అంటుకొని దానితోపాటే కదులుతుంది. అనుమానం కలగడానికి వేలితో తడిమి చూడడం, ఎన్నాళ్లనుండి ఉన్నదని అడగడం చాలు.

ఓ.పి.లో వందమంది నిలబడి ఉంటే అంత తీరిక ఎక్కడిదని తోటి వైద్యులు అడుగవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల రద్దీ నేనూ ఎరుగుదును. కాని అదే బిడ్డ అదే గడ్డతో నాలుగుసార్లు తిరిగి వస్తే ఆ వరుస పెరుగుతుందే గాని తగ్గదు.

నష్టమంతా బిడ్డదే. అక్కరలేని మందులతో విరేచనాలు, దద్దుర్లు. పైగా మందులకు లొంగని సూక్ష్మజీవులు. చీమనుకొని కోస్తే సుద్దవంటి పదార్థం వస్తుంది; గాయం మిగులుతుంది, కణితీ మిగులుతుంది. ఇంట్లో వేసే సున్నం, బెల్లం పట్టు చర్మాన్ని కాల్చడం తప్ప చేసేదేమీ లేదు. చేయవలసినది ఒక్కటే: శస్త్రచికిత్సతో గడ్డను పూర్తిగా తీసి, ఆ ముక్కను సూక్ష్మదర్శిని పరీక్షకు పంపడం. పూర్తిగా తీస్తే తిరిగి రావడం అరుదు.

తల్లిదండ్రులారా, రెండోసారి యాంటీబయాటిక్ రాసినప్పుడు, "ఇది చీముగడ్డేనని ఎలా నిర్ధారించారు?" అని అడగండి. అది అమర్యాద కాదు, మీ హక్కు. గడ్డ వేగంగా పెరిగినా, మూతి వంకరపోయినా, చెవి నుండి రక్తం కారినా ఒక్కరోజు కూడా ఆగక పెద్దాసుపత్రికి వెళ్లండి. అక్కడ ప్రమాదకరమైన కణితి ఉండే అవకాశాన్ని కూడా పరీక్షించి తీరాలి.