అత్యవసర విభాగం: గుమ్మం దగ్గరే సగం వైద్యం

2023 అక్టోబరు 26 ఉదయం పొగమంచు వేళ చిక్కబళ్లాపురం వద్ద జాతీయ రహదారిపై ఆగివున్న ట్యాంకరును సుమో వాహనం ఢీకొని 13 మంది మరణించారు. ఆంధ్ర వైపు నుండి బెంగళూరుకు పనులకై వెళుతున్నవారు మృతులలో ఉన్నారు. ఇటువంటి ఘడియలో క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చిపడినపుడు వైద్యుని నైపుణ్యం ఒక్కటే చాలదు. ఆసుపత్రి గదుల అమరిక కూడా ప్రాణాలను నిర్ణయిస్తుంది.

బాగేపల్లి నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, జిల్లా కేంద్రం సుమారు 40 కిలోమీటర్లు. చింతామణి నుండి రాజధాని సుమారు 75 కిలోమీటర్లు. కనుక మొదటి గంట గడిచేది తాలూకా ఆసుపత్రిలోనో, దారిలోనో. రోగిని నిలబెట్టి పెద్దాసుపత్రికి పంపవలసిన బాధ్యత తాలూకా ఆసుపత్రి అత్యవసర విభాగానిదే.

ముందు వచ్చినవారు కాదు, ముప్పులో ఉన్నవారు

అత్యవసర విభాగంలో వరుస క్రమం చెల్లదు. గుమ్మంలోనే శిక్షణ పొందిన నర్సు రోగిని పరీక్షించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విభజించాలి. ఎరుపు వర్గం గది అంబులెన్సు ఆగే చోటికి అతి దగ్గరగా, స్ట్రెచరు మలుపులు లేకుండా చేరేలా ఉండాలి. చీటీ రాసే కిటికీ ఆ దారికి అడ్డుగా ఉండరాదు. అత్యవసర చికిత్సకు ఏ లాంఛనమూ అడ్డు కాకూడదని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పు కాగితంపై ఉంటే చాలదు, గోడల అమరికలోనూ కనిపించాలి.

పల్లెల అవసరాలు

కర్ణాటక ప్రభుత్వం 2024లో పాముకాటును తప్పక నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. కాటు తిన్న వ్యక్తి రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టినదీ లేనిదీ చూస్తారు. రెప్పలు వాలుతున్నాయా, ఊపిరి తగ్గుతున్నదా అని గమనిస్తూనే ఉండాలి. అటువంటి మంచం మూలగదిలో ఉంటే ప్రమాదం. నర్సు కూర్చున్నచోటి నుండే అది కనబడాలి.

పురుగుమందు ఒంటిపై పడినవారికి బట్టలు విప్పి స్నానం చేయించే తావు గుమ్మం పక్కనే ఉండాలి. లేనిచో విషం సిబ్బందికీ సోకుతుంది. గుండెనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాలలో ఇ.సి.జి. తీయాలన్నది వైద్య ప్రమాణం. యంత్రం పై అంతస్తులో, బీరువా తాళం వెనుక ఉంటే ఆ గడువు నిలుస్తుందా?

బంధువులు, భాష

మంచం చుట్టూ పదిమంది మూగితే వైద్యుని చేయి ఆడదు, మందులు తారుమారయ్యే ప్రమాదమూ ఉంది. రోగితో ఒక్కరు ఉండి, తక్కినవారు వేరే వసారాలో కూర్చోవాలి. అయితే వారికి ఎప్పటికప్పుడు సమాచారం చెప్పే మనిషి ఉండాలి. ఏమీ తెలియని బంధువే తలుపు తోసుకు వస్తాడు. సరిహద్దులో తెలుగు మాట్లాడే కుటుంబాలే అధికం, అవతలి నుండి వచ్చేవారికి కన్నడ లిపి తెలియదు. కన్నడంతోపాటు తెలుగులోనూ బోర్డులు, నేలపై ఎర్రగీత ఉంటే దారి వెదికే సమయం మిగులుతుంది.

వీటిలో అధికభాగానికి కొత్త భవనం అవసరం లేదు. కిటికీ స్థలం మార్చడం, మంచం జరపడం, రంగు వేయడం, కొళాయి అమర్చడం చాలు. ఆసుపత్రి ఆరోగ్య రక్షా సమితి సమావేశాలలో గ్రామ పెద్దలు అడగవలసినది ఇదే. మంచాలెన్ని ఉన్నాయన్న ప్రశ్నకంటే, గుమ్మం నుండి మొదటి మంచానికి ఎన్ని అడుగులన్న ప్రశ్న ముందు రావాలి.