ఫస్ట్‌క్లాస్ వచ్చింది సరే... పనొచ్చా?

"బాలికలదే పైచేయి." ఏటా ఎండాకాలంలో పదో తరగతి ఫలితాలు, ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే కనిపించే శీర్షిక ఇది. అటు ఆంధ్రాలో చూసినా, ఇటు తెలంగాణలో చూసినా ఉత్తీర్ణతలో అమ్మాయిలే ముందుంటున్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. రెండు జడలు వేసుకుని, అమ్మ చేత నోట్లో మిఠాయి పెట్టించుకుంటూ ఫొటో దిగిన ఆ పిల్లల్ని చూస్తే ఎవరికి మాత్రం సంతోషం కలగదు?

కానీ ఆ ఫొటోలోని పిల్ల నాలుగైదేళ్ల తర్వాత ఏం చేస్తోందో ఏ పేపరూ వెయ్యదు. డిగ్రీలోనూ ఫస్ట్‌క్లాసే తెచ్చుకుంటుంది. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ ఫైల్లో వరసగా పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తుంది. అవతలాయన మార్కుల లిస్టులు తిరగేసి, పక్కన పెట్టి, ఒకటే అడుగుతాడు. "బాగానే చదువుకున్నావమ్మా, ఏం పని చెయ్యగలవు?" అక్కడ ఆమెకి నోరు పెగలదు. పదిహేనేళ్ల చదువులో ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు మరి.

విజయవాడలో మాకు తెలిసిన ఆడిటరుగారు ఒకరున్నారు. ఆమధ్య వాళ్ల ఆఫీసుకి నా సొంత పని మీద వెళ్లినప్పుడు, అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇద్దరమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ బీకామే. ఒకమ్మాయికి 82 శాతం. రెండో అమ్మాయికి 61. ఆయన ప్రశ్నలేమీ వెయ్యలేదు. ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్ల కొనుగోలు బిల్లుల కట్ట చేతికిచ్చి, "వీటిని ట్యాలీలో ఎక్కించండమ్మా" అన్నారు.

మొదటి అమ్మాయి చాలా శ్రద్ధగా చేసింది. కానీ హైదరాబాద్ నుంచి వచ్చిన బిల్లుని కూడా విజయవాడ బిల్లులాగే సగం సీజీఎస్టీ కింద, సగం ఎస్‌జీఎస్టీ కింద రాసేసింది. రెండో అమ్మాయి ఆ బిల్లు దగ్గర ఆగి, "ఇది ఐజీఎస్టీలో పడాలి కదండీ, హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం" అంది. ఇంకో బిల్లు మీద షాపు వాళ్ల జీఎస్టీ నంబరే లేదని తీసి పక్కన పెట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, సెలవుల్లో వాళ్ల మావయ్యగారి ఎరువుల కొట్లో కూర్చుని బిల్లులు రాసేదట. ఉద్యోగం ఎవరికొచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో మొదటి అమ్మాయిని తప్పు పట్టడానికేం లేదు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. సిలబస్‌లోకీ ఎక్కింది. దాని వల్ల లాభాలేమిటో రాయమంటే ఆ పిల్ల నాలుగు పేజీలు రాసి పదికి తొమ్మిది తెచ్చుకుంటుంది. ఒక్క బిల్లు చేత పట్టుకుని చూడమని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు. మామూలు వ్యాపారి నెలనెలా 11వ తారీకులోగా ఒక రిటర్ను, 20వ తారీకులోగా ఇంకో రిటర్ను వెయ్యాలి. తెనాలి బట్టల షాపు కావచ్చు, మిర్యాలగూడ రైసుమిల్లు కావచ్చు, ఈ పని చేసిపెట్టే మనిషి కావాలి. జీతాలు గొప్పగా ఉండకపోవచ్చుగానీ, పనికి మాత్రం కరువు లేదు.

చదువుకీ పనికీ మధ్య ఈ దూరం సర్కారు లెక్కల్లోకీ ఎక్కింది. 2023-24 ఆర్థిక సర్వేలో, యువతలో సుమారు 51.25 శాతం మందే ఉద్యోగానికి తయారుగా ఉన్నారని ఒక అంచనా ఇచ్చారు. అంటే కాలేజీ నుంచి బయటికొచ్చిన ఇద్దరిలో ఒకరు ఇంకా తయారు కానట్టే.

ఇలా అన్నానని మార్కులు దండగ అనుకునేరు! అలా చెప్పేవాళ్లని నేను అసలు నమ్మను. ముఖ్యంగా ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలు నమ్మకూడదు. క్యాంపస్ సెలక్షన్లకి వచ్చే కంపెనీలు చాలా వాటికి పదిలో, ఇంటర్లో, బీటెక్‌లో 60 శాతం ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఫెయిలైన పేపర్లు మిగిలుండకూడదంటారు. అంతకి ఒక్క మార్కు తగ్గినా మీ దరఖాస్తుని మనిషి చూసేలోపే కంప్యూటరు పక్కకి తోసేస్తుంది. మీకెంత పనొచ్చో చూపించుకునే అవకాశమే రాదు.

అన్నట్టు, ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. 6.2 సీజీపీఏ వస్తే 62 శాతం అని ధీమాగా ఉంటారు. కొన్ని యూనివర్సిటీలు అందులోంచి అరో ముప్పావో తీసేసి అప్పుడు పదితో హెచ్చవేస్తాయి. అర తీస్తే అది 57 అయి కూర్చుంటుంది. మీ యూనివర్సిటీ లెక్క ఏమిటో రెండో ఏడాదిలోనే కనుక్కోండి. చివరి సెమిస్టరులో తెలిస్తే చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

లెక్చరర్ ఉద్యోగం మీద మనసున్నవాళ్లకీ మార్కులు ముఖ్యమే. పీజీతో నెట్ పరీక్ష రాయాలంటే అందులో 55 శాతం ఉండి తీరాలి, రిజర్వేషన్ వర్గాల వారికి 50. అదే బ్యాంకు పరీక్షలకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. 2011 నుంచి చాలా ప్రభుత్వ బ్యాంకులకి కలిపి పరీక్ష పెడుతున్నారు. దానికి డిగ్రీ పాసైతే చాలు, డిస్టింక్షనా థర్డ్‌క్లాసా అని ఎవరూ అడగరు. క్లర్కు ఉద్యోగానికైతే కంప్యూటరు వాడకం తెలియాలి, రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. తెలుగు మీడియం పిల్లలూ, విన్నారా? సివిల్స్‌కీ, గ్రూప్-2కీ కూడా డిగ్రీ ఉంటే సరిపోతుంది. మీరు పోదలుచుకున్న దారిలో మార్కులకి విలువుందో లేదో ముందే చూసుకుంటే, అక్కర్లేని చోట నాలుగు మార్కుల కోసం ఏడుస్తూ కూర్చునే పని ఉండదు.

ఇక అసలు విషయానికొస్తాను. మార్కులు ఇంట్లో కూర్చుని తెచ్చుకోవచ్చు. తలుపేసుకుని చదువుకుంటే వస్తాయి. ఆడపిల్ల తలుపేసుకుని చదువుకుంటుంటే ఇంటిల్లిపాదికీ ముద్దుగానే ఉంటుంది. పని నేర్చుకోవడానికి మాత్రం గడప దాటాలి. ఎక్కడికో వెళ్లాలి, ఎవరి దగ్గరో కూర్చోవాలి, తప్పులు చెయ్యాలి, తిట్లు తినాలి, పొద్దుపోయాక ఇంటికి రావాలి. మన ఇళ్లలో పేచీ అంతా అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో అమీర్‌పేట సంగతి మీకు తెలిసిందే. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగ్ బోర్డులు, ఆ వెనక వీధుల్లో హాస్టళ్లు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి కుర్రాళ్లు వచ్చి నలుగురూ ఒక గదిలో సర్దుకుని పొద్దున్నే క్లాసులకి పరిగెత్తుతారు. ఇప్పుడు అమ్మాయిల హాస్టళ్లూ ఉన్నాయి. ఐనా మా బంధువుల్లోనే ఎన్నిసార్లు విన్నానో ఈ మాట! "ఆడపిల్లని ఆర్నెల్లు అమీర్‌పేటలో ఒంటరిగా ఎలా ఉంచుతామండీ? పెళ్లి చేసేస్తే ఆ మొగుడే నేర్పించుకుంటాడు." అదే ఇంట్లో, అంతకు ముందేడు, తొమ్మిది సబ్జెక్టులు తప్పిన కొడుకుని అప్పు చేసి మరీ అమీర్‌పేట పంపించారు. ఇప్పుడు వాడికి ఉద్యోగముంది. ఫస్ట్‌క్లాసులో పాసైన వాడి చెల్లెలు ఎమ్మెస్సీ చేస్తోంది.

ఎమ్మెస్సీ చెయ్యడం తప్పని కాదు. ఆ పిల్లకి ఇష్టమై చేస్తుంటే నాకంటే సంతోషించేవాళ్లుండరు. కానీ ఆడపిల్లలు చేసే పీజీల్లో చాలా భాగం, కాలేజీ బస్సు సందు చివరికొస్తుంది, ఐదింటికల్లా తిరిగి దింపేస్తుంది అన్న భరోసాతో చేయించేవి. సంబంధం కుదిరే దాకా ఖాళీగా ఉండకుండా ఏదో ఒకటి చదువుతూ ఉండాలి. ఎమ్మే, బీయీడీ, మళ్లీ ఇంకో డిప్లొమా. ఒకదాని మీద ఒకటి సర్టిఫికెట్లు పేరుకుంటాయి. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి. ఆ తర్వాత ఏ కారణం వల్లనైనా సంపాదించాల్సిన అవసరం పడితే, ఆ సర్టిఫికెట్లన్నీ ముందేసుకుని "నాకు ఏ పనీ రాదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని నేను చూశాను. భర్త పోయినవాళ్లున్నారు, భర్త వదిలేసినవాళ్లున్నారు. ముప్పై ఐదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లలతో, ఎమ్మే ఫస్ట్‌క్లాస్ చేతిలో ఉండి, చీరల షాపులో సేల్స్‌గాళ్‌గా చేరినావిడ మా కాలనీలోనే ఉన్నారు. ఆ ఉద్యోగం తక్కువదని నేననను. ఆవిడకి అదొక్కటే దారి మిగలడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

తల్లులకి ఒక మాట. పనంటే కంప్యూటరు ఒక్కటే కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఫోన్లో మాట్లాడ్డం ఒక పని. కొత్త ఆఫీసుకి వెళ్లి, ఏ కౌంటరో కనుక్కుని, కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకోవడం ఒక పని. నలుగురిలో "ఇది నాకర్థం కాలేదండీ" అని అడగడం కూడా పనే. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ఎక్కువగా చూసేది వీటినే. ఇవి మగపిల్లలకి ఎవరూ నేర్పరు. బ్యాంకుకి వెళ్లిరా, కరెంటాఫీసుకి వెళ్లిరా, గ్యాస్ వాడితో మాట్లాడు అని తరుముతుంటే వాళ్లకే వచ్చేస్తాయి. ఆడపిల్లతో "నువ్వెందుకమ్మా, నాన్న వెళ్తార్లే" అంటాం. ప్రేమతోనే అంటాం, నిజమే. మా ఇంట్లో మాత్రం పాస్‌బుక్కు, ఇంటి పన్ను, ఇన్‌కంటాక్స్ రిటర్ను మా అమ్మాయికే ఒప్పజెప్పాను. మొదటి ఏడాది వాళ్ల నాన్నగారికి చచ్చేంత భయం. ఇప్పుడు ఆయనే అనుమానమొస్తే కూతుర్ని అడుగుతున్నారు!

ఉద్యోగాలిచ్చేవాళ్లనీ వదిలిపెట్టకూడదు. ఫ్రెషర్లు కావాలని ప్రకటన ఇస్తారు, తీరా వెళ్తే రెండేళ్ల అనుభవముందా అంటారు. "పని నేర్పిస్తున్నాం కదా" అని ఆర్నెల్లు జీతం లేకుండా చేయించుకునే ఘనులూ ఉన్నారు. అన్నిటికీ మించి, మార్కులూ ఉండి పనీ వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి "పెళ్లెప్పుడు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అబ్బాయిని అడిగినట్టు నేనెక్కడా వినలేదు. పనిమంతులు దొరకడం లేదని గోలపెట్టే ఈ పెద్దమనుషులు ముందు ఆ ప్రశ్న మానేస్తే బాగుంటుంది.

మనకిదేం కొత్త సమస్య కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు, ఒక పక్క ఆడవాళ్లని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేస్తూ, ఇంకో పక్క చేతిపనులు నేర్పించారు. చిన్నప్పుడే బడి మానేసి, తర్వాత ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, న్యాయశాస్త్రం దాకా చదివి వకీలుగా పనిచేసిన మనిషావిడ. పరీక్ష విలువా తెలుసు, పని విలువా తెలుసు. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం కుదించిన కోర్సులు మొదలైందీ ఆవిడ చొరవతోనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మంచి ఆలోచన. కానీ తెలిసినవాళ్ల షాపు పేరుతో కాగితం రాయించుకుని, ఒక్కరోజు కూడా అటు తొంగిచూడని పిల్లలు నా ఎరికలోనే ఉన్నారు. అందులోనూ ఆడపిల్లలకైతే నాన్నలే దగ్గరుండి ఆ కాగితం తెచ్చిపెడుతున్నారు. అయ్యా నాన్నగారూ, మీ స్నేహితుడి సంతకం బదులు, అదే స్నేహితుడి ఆఫీసులో మీ అమ్మాయికి ఒక కుర్చీ అడిగి పెట్టండి.

డిగ్రీ ఐపోయినవాళ్లకి ఇంకో దారుంది. అప్రెంటిస్‌షిప్ అనగానే ఐటీఐ కుర్రాళ్లకనుకుంటాం. నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకీ ఏడాది పాటు ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పని నేర్పిస్తారు. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకి నెలకి కనీసం 9 వేల రూపాయల స్టైపెండ్ పెట్టారు. వాళ్ల వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకోవడానికి రుసుమేమీ లేదు, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. డిగ్రీ పాసై ఐదేళ్లు దాటకూడదు. పాసై నాలుగేళ్లయి, పెళ్లయి, పాపని ఈమధ్యే బడిలో వేసి, పదింటి నుంచి మూడింటి దాకా ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నావిడకి ఇంకో ఏడాది గడువుంది.