తెర పక్కన ఇంజనీరు ఉండడు

2020 మే 30న ఆంధ్రప్రదేశ్‌లో ఒకేరోజు 10 వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాయి. ఇప్పుడు వాటి పేరు రైతు సేవా కేంద్రాలు. విత్తనాలు, ఎరువులు బుక్ చేసుకోడానికి కియోస్క్, పంటల సంగతులు చూపించడానికి స్మార్ట్ టీవీ ఉండాలన్నది వాటి ప్లాన్. మాల్‌లో, ఎయిర్‌పోర్టులో చూసే డిజిటల్ సైనేజ్ అలా ఊరి దాకా వచ్చేసింది.

టీవీ గోడకు బిగించడం ఒక్క పూట పని. అందులో స్లైడ్లు ఎవరూ ముట్టుకోకుండా రోజూ సరిగ్గా తిరగడం మాత్రం వేరే పని. మీది గుమ్మఘట్ట అనుకోండి, రాయదుర్గం అనుకోండి, ఎప్పుడో ఒకరోజు "బీటెక్ చదివినావు కదప్పా, ఈ టీవీ కొంచెం చూడు" అని మిమ్మల్ని పిలుస్తారు. బడి, సచివాలయం, ఆసుపత్రి... తెర ఎక్కడిదైనా సూత్రాలు ఇవే.

ముందు ఫైల్ సంగతి. పీపీటీని ఉన్నదున్నట్టు టీవీలో తెరవకండి. తయారు చేసిన కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ టీవీలో ఉండదు. యూనికోడ్ అయితే అక్షరాల సైజు మారి లైను కిందికి జారుతుంది. అను లాంటి పాత ఫాంట్ అయితే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే పవర్‌పాయింట్‌లో 'ఫైల్'లోకి వెళ్లి, 'ఎక్స్‌పోర్ట్' కింద 'క్రియేట్ ఎ వీడియో' నొక్కి, 1080పీ ఎంపీ4 చేసుకోండి. వీడియోలో అక్షరం బొమ్మ అయిపోతుంది, ఫాంట్‌తో పని లేదు. ఒక్కో స్లైడ్‌ని పైకి, నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. ఎంతసేపు పట్టిందో అంత టైం ఇవ్వండి. క్యూలో నిలబడి చూసే పెద్దాయనకు ఐదు సెకన్లు చాలవు.

రెండోది నెట్. గూగుల్ స్లైడ్స్ లింక్ పెడితే ఇంట్లో కూర్చునే మార్చొచ్చు, నిజమే. కానీ సిగ్నల్ పోయిన రోజు తెర మీద ఎర్రర్ మెసేజే మిగులుతుంది. ఫైల్ పెన్‌డ్రైవ్‌లోనో, బాక్స్‌లోనో ఉండాలి. నెట్ ఉన్నప్పుడు కొత్త ఫైల్ దించుకోవాలి, పూర్తిగా దిగాకే పాతది తీసేయాలి. నెట్ లేకపోతే ఉన్నదే తిరుగుతుండాలి.

మూడోది కరెంటు. పోయి వచ్చాక చాలా టీవీలు స్టాండ్‌బైలోకో, హోమ్ స్క్రీన్‌లోకో వెళ్లి కూర్చుంటాయి. టీవీ కొనేముందే, కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందా అని అడగండి. పక్కన రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ పెడితే కరెంటు రాగానే అదే బూట్ అవుతుంది. స్టార్టప్‌లోనే వీఎల్‌సీని లూప్‌లో పెట్టేయొచ్చు. అయితే ఉన్నట్టుండి కరెంటు పోతే మెమొరీ కార్డ్ పాడయ్యే ప్రమాదం ఉంది. సెట్టింగ్స్‌లో 'ఓవర్‌లే ఫైల్ సిస్టమ్' ఆన్ చేస్తే కార్డ్ మీద రాత ఆగుతుంది. కొత్త స్లైడ్లు మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లోకి దిగేలా చూడండి.

ఇవన్నీ కుదిరాక కూడా ఒక చిక్కు మిగులుతుంది, అదే అన్నిటికంటే పెద్దది. తెర బ్రహ్మాండంగా పనిచేస్తూ పాత సంగతి చూపించడం!

గుమ్మఘట్ట మండలంలో వేదవతి మీద భైరవానితిప్ప రిజర్వాయరు ఉంది. అయినా అనంతపురం జిల్లాలో శెనక్కాయ పంట ఎక్కువగా వాననే నమ్ముకుంటుంది. పదును వచ్చినప్పుడే విత్తాలి. రాయితీ విత్తనం ఎప్పటిదాకా ఇస్తారు, ఈ-క్రాప్‌లో పేరు ఎప్పటిలోగా ఎక్కించుకోవాలి అన్నవి తేదీల లెక్కలు. గడువు దాటిన స్లైడ్ నమ్మి ఒక రైతు కూలి పని మానుకుని, బస్సెక్కి వస్తే, ఆ రోజు నష్టం ఆయనది. నల్లగా ఉన్న తెర ఎవరినీ మోసం చేయదు. చెడిందని అందరికీ కనిపిస్తుంది, పక్కనున్న మనిషిని అడుగుతారు. పాత తేదీ చూపించే తెరను మాత్రం నమ్ముతారు.

అందుకే తేదీ ఉన్న ప్రతి స్లైడ్ మీదా "ఫలానా తేదీ వరకే" అని ఏడాదితో సహా పెద్ద అక్షరాల్లో రాయండి. గడువు దాటితే ఆ స్లైడ్ దానంతట అదే తప్పుకునేలా ప్రోగ్రాం రాయడం కష్టం కాదు. కాకపోతే చాలా రాస్ప్‌బెర్రీ పై మోడళ్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి, నెట్ కూడా లేకపోతే దానికి ఈరోజు తేదీ ఏదో తెలియదు. విడిగా ఒక చిన్న గడియారం మాడ్యూల్ తగిలించాలి. తేదీ నమ్మకంగా తెలియనప్పుడు గడువున్న స్లైడ్లు ఆపేసి, విత్తన శుద్ధి లాంటి ఎప్పుడైనా పనికొచ్చేవి మాత్రమే చూపించేలా పెట్టండి.

అంతా అయ్యాక, వచ్చేసేముందు ఒక పరీక్ష. నెట్ తీసేయండి. మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వేయండి. రిమోట్ ఎవరూ ముట్టుకోకుండా సరైన స్లైడ్ వస్తే బ్యాగ్ తగిలించుకోండి. రాకపోతే ఇంకో టీ చెప్పి కూర్చోండి, పని ఇంకా ఉంది.