సుత్తి ఎవరి బిడ్డ చేతిలో ఉంది?

వేసవి సెలవులు రాగానే హైదరాబాద్ పడమటి వైపున పిల్లల చేతికి సుత్తి, రంపం, సోల్డరింగ్ ఐరన్ అందించే శిబిరాలు వెలుస్తాయి. రుసుము కట్టి చేర్చిన తల్లిదండ్రులు, బిడ్డ చెక్క కోసి బండి చేస్తే సృజన అని మురిసిపోతారు. అవే సెలవుల్లో సంతోష్‌నగర్ గల్లీలో అదే వయసు పిల్లవాడు తండ్రి వెల్డింగ్ దుకాణంలో పనిముట్టు పడితే, వాడికి చదువు అబ్బలేదంటారు. చేసిన పని ఒకటే. చేసినవాడి పుట్టుకను బట్టి దాని విలువ మారుతున్నది.

చట్టం కూడా ఈ తేడాకు చోటిచ్చింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదంటూనే, బడి వేళల తరువాతగాని సెలవుల్లోగాని ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునన్నది. ఈ దేశంలో కుటుంబ వృత్తి అంటే చాలావరకు కులవృత్తే. బడి మూసిన నెలన్నర కొందరికి కొత్తది నేర్చుకునే కాలమైతే, మరికొందరిని తాతలనాటి పనికి తిరిగి అప్పగించే కాలం. పాతబస్తీలో ఇది మరింత దూరం పోయింది. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతపు గాజుల తయారీ గదుల నుంచి పోలీసులు వందలాది పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చినవారు. (ముస్లిం బస్తీలో కులమెక్కడిదని అడిగేవారు 2007 నాటి బీసీ-ఇ జాబితా చదవాలి. ధోబీ, హజాం, ఖురేషీ: అన్నీ వృత్తుల పేర్లే.)

అందుకే చేతిపని చదువు అనగానే బహుజనులు అనుమానించడంలో న్యాయముంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడులను సగం పూటకు కుదించి, మిగతా సగం ఇంటి వృత్తి నేర్చుకోమన్నది. పెరియార్ దానిని కులవిద్య అని ఎండగట్టారు. మరుసటి ఏడు రాజాజీ గద్దె దిగారు, కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు. అక్కడ తప్పు పిల్లల చేతికి పనిముట్టు ఇవ్వడంలో లేదు, ఎవరి పనిముట్టు వారికే ఇవ్వడంలో ఉంది.

దానిని తలకిందులు చేసే శిబిరం కావాలి. చెప్పులు కుట్టేవారి బిడ్డ సర్క్యూట్ బోర్డు అతకాలి, గుమాస్తా బిడ్డ ఆరె పట్టి తోలు కుట్టాలి. ఎవరూ తండ్రి వృత్తితో మొదలుపెట్టకూడదు. నేర్పే ఉస్తాద్‌కు, పక్క బల్ల దగ్గర నేర్పే ఇంజనీరుకు ఒకే వేతనమివ్వాలి. ఈ షరతు దగ్గరే పెద్దలు నసుగుతారని నా అనుమానం. అక్కడ తయారైన ఒక్క వస్తువూ అమ్మకానికి పోకూడదు. పోయిన రోజున అది శిబిరం కాదు, కార్ఖానా.

ప్రభుత్వానికి ఈ ఊహ తెలియనిదేమీ కాదు. 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్‌ను ఆర్భాటంగా తెరిచింది. సంతోష్‌నగర్‌కు కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లో మిధాని, రక్షణ ప్రయోగశాలలు ఉన్నాయి. క్షిపణులకు లోహం కరిగించే చోటి పక్క బస్తీలో పిల్లలకు ఒక ఉమ్మడి పనిబల్ల లేకపోవడానికి డబ్బు లేమిని కారణంగా చూపలేం. మే నెలలో తాళం పడి ఉండే సర్కారు బడి గది, కొన్ని పనిముట్లు, నలుగురు ఉస్తాద్‌ల నెల జీతం చాలు. బల్దియా ఏటా వేసవిలో ఆటల శిక్షణ శిబిరాలు నడుపుతూనే ఉన్నది. కొత్త శాఖ కూడా అక్కర్లేదు.