బడి వాకిట జావ గుండిగ

ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ దిశన, పొడవైన సరస్సు ఒడ్డున ఒదిగిన చిన్న దేశం మలావీ. అక్కడి వర్తక కేంద్రమైన నగరం పేరు బ్లాంటైర్. ఈ పేరు ఆ ఖండపు భాషలలోనిది కాదు. 1813లో డేవిడ్ లివింగ్‌స్టన్ జన్మించిన స్కాట్లండు గ్రామం పేరు. 1876లో స్కాట్లండు చర్చివారు ఇక్కడ మిషను స్థాపించి, ఆ సుప్రసిద్ధ యాత్రికుని మీది గౌరవంతో ఆయన పుట్టిన ఊరి పేరునే దీనికి పెట్టుకున్నారు. మిషను వెంట బడులు వచ్చాయి. కాలక్రమాన తెల్లదొరల తోటలూ, పన్నులూ, వెట్టిచాకిరీ వచ్చాయి. ఆ వెట్టి మీద 1915లో తిరుగుబాటు లేవదీసి ప్రాణాలు కోల్పోయిన జాన్ చిలెంబ్వే కూడా క్రైస్తవ బోధకుడే. 1900లో బ్లాంటైర్ దాపున ఆయన నెలకొల్పిన మిషనుకు అమెరికాలోని నల్లజాతి బాప్టిస్టు సంఘాలు ధనసహాయం చేసేవి. పరదేశపు చర్చి సొమ్ము ఆ నేలకు కొత్త కాదు. అది ఎవరి చేతికి వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నదే అక్కడివారు తరతరాలుగా గమనిస్తూ వచ్చిన సంగతి.

అటువంటి సొమ్ములో ఒక చిన్న పాయ బయలుదేరింది రేకుల షెడ్డులోనుంచి. స్కాట్లండు పశ్చిమ భాగంలో, కొండల నడుమ డాల్‌మల్లీ అనే పల్లె ఉన్నది. 1992లో అక్కడ మాగ్నస్ మాక్‌ఫర్లేన్-బారో అనే యువకుడు చేపల పెంపకంతో జీవిస్తున్నాడు. ఆ ఏడు బోస్నియా యుద్ధపు దృశ్యాలను టెలివిజన్‌లో చూసి, అతడూ, సోదరుడు ఫెర్గసూ దుప్పట్లు, ఆహార పదార్థాలు పోగుచేశారు. పనికి వారం రోజులు సెలవు పెట్టి, జీపులో వాటిని చేరవేసి వచ్చారు. ఇంటికి తిరిగి వచ్చేసరికి తండ్రిగారి షెడ్డు మళ్ళీ నిండిపోయి ఉన్నది. వీరు లేని రోజులలో ఇరుగుపొరుగువారు ఇంకా తెచ్చి పడవేశారు. ఒక్క ఏడాది ఈ పని చూద్దామనుకొని మాగ్నస్ ఉద్యోగం విడిచి, ఇల్లు అమ్మివేశాడు. ఆ ఏడాది నేటికీ పూర్తికాలేదు.

పది సంవత్సరాల పాటు అది ఎందరికో తెలియని చిన్న సహాయ సంస్థ. 2002లో మలావీ క్షామం దానికి కొత్త దారి చూపింది. అంతకు ముందటి ఏడు వరదలు మొక్కజొన్న పంటను దెబ్బతీశాయి. దేశపు ధాన్యపు నిల్వలు అప్పటికే అమ్ముడైపోయి ఉన్నాయి. ఫిబ్రవరిలో ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది. దీనికి తోడు ఎయిడ్స్ వ్యాధి. వయోజనులలో దాదాపు ఏడుగురికి ఒకరు దాని బారిన పడిన కాలమది. భర్త ఆ వ్యాధితోనే పోగా, తానూ అదే వ్యాధితో మట్టి గుడిసెలో నేలమీద పడుకొని ఉన్న ఒక తల్లిని చూడటానికి స్థానిక విచారణ గురువు మాగ్నస్‌ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఆమె చుట్టూ ఆరుగురు పిల్లలు. నీ కోరిక ఏమిటని పద్నాలుగేళ్ళ పెద్దకొడుకును అడిగితే, ఆ బాలుడు కోరినవి రెండే: కడుపునిండా తిండి, ఎప్పటికైనా బడికి వెళ్ళటం.

ఆ రెండింటినీ కలిపి ఒకేచోట పెట్టవచ్చునన్న ఆలోచన అక్కడ రూపు కట్టింది. ఆ ఏడాదే బ్లాంటైర్ పరిసరాలలో సుమారు 200 మంది పిల్లలకు భోజనం మొదలైంది. ఏసుక్రీస్తు తల్లి పేరిట దానికి మేరీస్ మీల్స్ అని పేరు పెట్టారు. ఆ తల్లి కూడా పేదరికంలో బిడ్డను పెంచినదే కదా. పేరు క్రైస్తవమైనా జావ పోసేటప్పుడు ఎవరినీ మతం అడగరు. అన్నం పెట్టేది మాత్రం బడిలోనే.

నియమం చిన్నదే గాని, అందులో లోకజ్ఞానం చాలా ఉన్నది. మలావీలో 1994లో ప్రాథమిక విద్యకు రుసుము రద్దుచేశారు. అప్పటిదాకా 19 లక్షలుగా ఉన్న పిల్లల సంఖ్య ఒక్కసారిగా 30 లక్షల దరిదాపులకు చేరింది. గదులు చాలక చెట్ల కింద పాఠాలు చెప్పారు. రుసుము పోయినా ఆకలి పోలేదు. అక్కడ వర్షకాలం ఒక్కటే; నవంబరులో విత్తితే ఏప్రిల్‌లో కోత. జనవరి నుంచి మార్చి వరకు గాదెలు ఖాళీగా ఉంటాయి. మన సంకటి వంటి న్సిమా అనే మొక్కజొన్న ముద్ద పూటకొకటి దొరకటమే గగనమౌతుంది. అటువంటి రోజులలో పిల్లవాడు కూలికి పోతాడు, ఆడపిల్ల చెల్లెళ్ళను చూసుకుంటుంది. పుస్తకం ఉచితమైనంత మాత్రాన వారు బడికి రారు. బడిలో జావ పోస్తున్నారంటే తల్లే దగ్గరుండి పంపుతుంది.

జావ అన్నది మొక్కజొన్న, సోయా పిండికి చక్కెర, విటమిన్లు, ఖనిజ లవణాలు కలిపి కాచినది. ఫలా అంటారు. పిండి సాధ్యమైనంత వరకు ఆ దేశపు రైతుల పంటతోనే తయారవుతుంది గనుక, దాత ఇచ్చిన సొమ్ములో కొంత పొలానికే తిరిగి చేరుతుంది. సంస్థ ఇచ్చేది పిండి, గుండిగలు, శిక్షణ, తనిఖీ. వంటపాక కట్టుకోవటం, సరుకుకు కాపలా కాయటం, కట్టెలు తేవటం, వండటం, వడ్డించటం ఊరివారి బాధ్యత. తల్లులూ, అమ్మమ్మలూ వంతులు వేసుకుంటారు. వంతు వచ్చిననాడు చుక్క ఉండగానే లేచి, చీకటిలో నడిచివచ్చి పొయ్యి రాజేస్తారు. నిలువెత్తు తెడ్డుతో కలిపీ కలిపీ రెక్కలు పడిపోతాయి. మలావీలో ఈ విధంగా జీతంలేని సేవ చేసేవారు 80,000 మందికి పైగా ఉన్నారు. సంస్థ పత్రాలలో వీరిని స్వచ్ఛంద సేవకులంటారు. నిజానికి అతి పెద్ద దాతలు వీరే. పొలంలో ఒక దినపు పని మానుకొని వచ్చే పేదరాలి చందా, ఎడిన్‌బరోలో చెక్కు రాసే ధనికుని చందాకన్న బరువైనది.

ఇది చదివే తెలుగువారికి తమ ఊరి బడి జ్ఞప్తికి రాక మానదు. మద్రాసు రాష్ట్రంలో కామరాజ్ 1950 దశకంలో మధ్యాహ్న భోజనం ప్రవేశపెట్టారు, 1982లో ఎం.జి.ఆర్. దానిని విస్తరించారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, వండిన అన్నం పెట్టి తీరాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. మనదేశంలో ఆ ముద్ద బిడ్డ హక్కు. పెట్టకపోతే అడిగే చోటు ఒకటి ఉన్నది. చందాల మీద నడిచే జావకు అటువంటి న్యాయస్థానం లేదు. దూరదేశపు దాత మనసు మారినా, పౌను విలువ పడిపోయినా, పోటీగా మరొక యుద్ధం వార్తలకెక్కినా గుండిగ అడుగంటవచ్చు. 2023 నాటి లెక్క ప్రకారం ఒక్క బిడ్డకు బడి సంవత్సరమంతా జావ పోయటానికి అయ్యేది సుమారు 19 పౌన్లు. మొత్తం స్వల్పమే. అయితే ఆ స్వల్పం ఏటేటా, తప్పకుండా రావాలి. ఆదివారాలూ, సెలవులూ మాట వేరే. ఆ రోజులలో బడి పొయ్యి చల్లగానే ఉంటుంది, ఆకలి మాత్రం సెలవు తీసుకోదు.

ఈ పరిమితులతోనే పని పెరిగింది. 2015లో పది లక్షల మంది పిల్లలకూ, 2021 నాటికి 20 లక్షల మందికీ అన్నం అందింది. అందులో సగం మంది మలావీవారే. లైబీరియా, జాంబియా, కెన్యా, దక్షిణ సూడాన్ మొదలైన దేశాలలోనూ పొయ్యిలు వెలిగాయి. డాల్‌మల్లీ షెడ్డు మాత్రం అదే. ఇంత పెద్దదైన సంస్థ ఆ రేకుల కింద కూర్చోవటం కొందరికి ఆడంబరంగా తోచవచ్చును. భవనం మీద పెట్టని ప్రతి పౌనూ పిండి అవుతుందన్న లెక్క మాత్రం తప్పు కాదు.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను బ్లాంటైర్ కొండచరియలను ఇళ్ళమీదికి దొర్లించింది. వందలాది మంది మరణించారు. బడులు ఆశ్రయ శిబిరాలయ్యాయి. మరుసటి సంవత్సరం వానలే లేవు. 2024 మార్చిలో దేశంలోని 28 జిల్లాలలో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రభుత్వం ప్రకటించింది. మొక్కజొన్న ఎండిపోయిన ఊళ్ళలో జావ గుండిగ ఉన్న బడికీ, లేని బడికీ తేడా ఆ నెలలలో మరింత స్పష్టమైంది. లేని బడులు తక్కువేమీ కాదు. తమకూ పిండి పంపమని కోరి, వంతుకోసం నిరీక్షిస్తున్న బడులు ఆ దేశంలో ఇంకా ఉన్నాయి.