రెక్కలు మనవి, ఇంజను పరులది

సోమందేపల్లె మీదుగా దక్షిణమునకు పోవు పెద్దబాట బెంగుళూరు చేరును. ఆ నగరముననే 2001వ సంవత్సరము జనవరి 4వ తేదీన తేజస్ యుద్ధవిమానము తొలిసారి ఆకాశమున కెగిరినది. దాని కొలతలను మన పల్లెల విద్యార్థులు సయితము ఉత్సాహముతో వల్లించుచున్నారు: నిడివి 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు, గరిష్ఠభారము 13.5 టన్నులు, ధ్వనిని మించిన వేగము. సంతోషమే. కాని దస్తావేజు చేతికి వచ్చినపుడు హద్దులు చదివి ఊరకుండువాడు మోసపోవును; హక్కు ఎవరిదో కూడ చూడవలెను. ఈ పట్టికలో అట్టి పంక్తి యొక్కటి కలదు. ఇంజను: అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్-404.

బండి మనది, ఎడ్లు అరువు.

ఇది క్రొత్త కథ కాదు. జర్మను నిపుణుడు కుర్ట్ టాంక్ నాయకత్వమున బెంగుళూరులోనే రూపొందిన మారుత్ 1961 జూన్‌లో ఎగిరినది. విమానదేహము మిక్కిలి చక్కనిది. తగిన ఇంజను దొరకక, బ్రిటిష్ ఆర్ఫియస్ ఇంజనులతోనే సరిపెట్టుకొనుటచే, ఆశించిన వేగము దానికి జీవితాంతము అందలేదు. ఆ పాఠము నేర్చితిమా? 1989లో కావేరి ఇంజను నిర్మాణమునకు అనుమతి యిచ్చిరి. అది కోరిన బలమునందకపోగా 2008లో తేజస్‌నుండి దానిని వేరుచేసిరి.

ఫలితము చూడుడు. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానములకు సుమారు 48,000 కోట్ల రూపాయల ఒడంబడిక జరిగినది. ఆగస్టులో 99 ఇంజనులకు 5,375 కోట్లకు ఉత్తరువిచ్చిరి. విమానముల అప్పగింత 2024లో ప్రారంభము కావలసియుండగా, ఆ ఇంజనులలో మొదటిది 2025 మార్చిలో గాని రాలేదు. ఆ సెప్టెంబరు 26న మిగ్-21లు కొలువు చాలించినవి. పాతవి పోయినవి, క్రొత్తవి అప్పటికి రాలేదు. ఆకాశము మాత్రము కాపలా కోరుచునేయున్నది.

ఇంజనులో అంత కష్టమేమి? మండిన వాయువు చక్రపు రేకులను తాకుచోట, ఆ రేకుల లోహము కరగు వేడిమికంటె వాయువు వేడిమి హెచ్చు. అందుచే నికెల్ మిశ్రమలోహమును అతుకు లేని ఒకే స్ఫటికముగా పోతపోసి, రేకులోపల గాలి పాఱు సన్నని దారులుంచవలెను. ఈ విద్య నెఱిగిన దేశములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. నేర్చినవారు దానిని సులభముగా అమ్మరు. అమ్మవలసిన పని వారికేమున్నది?

మనవారు చేతకానివారని కాదు. తేజస్ మధ్యదేహమును హైదరాబాదు వెమ్ టెక్నాలజీస్ వారు నిర్మించి 2025 మేలో అప్పగించిరి. అదే నగరమందలి రక్షణ లోహపరిశోధనాలయము ఏకస్ఫటిక రేకులను సాధించి, హెలికాప్టరు ఇంజను నిమిత్తము 60 రేకులను 2021లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారికందించినది. హెలికాప్టరుకు చేసినవారు యుద్ధవిమానమునకు చేయలేరా? చేయగలరు; అందుకు ఏండ్ల తరబడి ధనము, పరీక్షాశాలలు, ఓరిమి కావలెను. విమానము బయలువెడలు దినమున పూలమాలలు వేయు ఏలికలు లోహపు కొలిమికి కాసు విదల్చుటకు వెనుదీయుదురు.

ఇకమీదట విదేశీయులతో జరుగు ప్రతి ఇంజను ఒడంబడికలోను మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఆ వేడిరేకుల పోతవిద్య మనకు వ్రాసి యిచ్చుచున్నారా, లేక బిగించుటకు మరలు మాత్రమే పంపుచున్నారా?